తాక్ వారింటి టోఫు

మా పెద్ద తోటికోడలి పేరు పిల్నామ్. ‘ఇక మగపిల్లాడే’ అని ఆ పేరుకు అర్థం. ముందు ముగ్గురు ఆడపిల్లలు పుట్టేసరికి వాళ్ల నాయనమ్మకు ఒళ్లు మండి, నాలుగో పిల్లకు ఆ పేరు తగిలించిందట, పేరు విని భయపడైనా ఆ తర్వాత మగవాడు పుడతాడని. ఎవడూ పుట్టలేదు. పై ఏడాది తండ్రే పోయాడు. దాంతో ఆ ప్రయత్నమూ అక్కడితో ఆగిపోయింది.

తల్లి పేరు జొమ్న్యే. యొంగ్‌చన్ ఊళ్లో టోఫు అమ్మేది. తెల్లారగట్ల చెక్కపెట్టె నెత్తిన పెట్టుకుని, చేత్తో ఇత్తడి గంట వాయించుకుంటూ సందు సందూ తిరిగేది. నలుగురు కూతుళ్లనీ ఆ టోఫు మీదే పెంచింది. పిల్లల పుట్టినరోజుకు జాప్‌చే, అదే కూరగాయలు కలిపిన సేమ్యా, చేసేది. జాప్‌చే చెయ్యకపోతే మా వాళ్లకు అది పండగే కాదు. అందులో గొడ్డుమాంసం పడకపోతే అది జాప్‌చే కూడా కాదు. జొమ్న్యేకి గొడ్డుమాంసం కొనే తాహతు ఎక్కడిది? అమ్ముడుపోని టోఫు మీద బరువు పెట్టి నీరంతా పిండి, వేలెడేసి ముక్కలు కోసి ఎర్రగా వేయించి, చిలగడదుంప సేమ్యాలో కలిపేది. పిల్నామ్ అక్క పుట్టినరోజులన్నీ ఆ టోఫు జాప్‌చేతోనే గడిచాయి.

అలాంటి పిల్లను తాక్ వారి పెద్దకొడుక్కి ఎలా చేశారంటారా? తాక్ వారిది పెద్ద వంశం. ఎంత పెద్దదంటే, ఆస్తులన్నీ పోయి మూడు తరాలైనా ఆ సంగతి ఇంకా వాళ్లకు తెలియదు. ఆ ఇంటి పెద్దకోడలంటే ఏడాదికి పదకొండు తద్దినాలు పెట్టాలి. ఊళ్లో ఆడపిల్లల తల్లులందరికీ ఆ లెక్క తెలుసు కాబట్టి ఎవరూ పిల్లనివ్వలేదు. చివరికి టోఫు అమ్మేదాని నాలుగో కూతురైనా ఫరవాలేదని దిగివచ్చి, దిగివచ్చిన సంగతి ఆ పిల్లకు రోజూ గుర్తు చేశారు. నేను ఆ ఇంటి రెండో కోడలిని. అక్క వచ్చిన నాలుగేళ్లకు వచ్చాను. నాకు కాస్త నోరు ఎక్కువ. అందుకని నాకు గుర్తు చెయ్యడం త్వరగానే మానేశారు.

తాక్ వారు చచ్చిపోవడంలో కూడా మహా క్రమశిక్షణ గలవాళ్లు. నెలకొకరు చొప్పున సర్దుకుని పోయారు. ఏ నెలా కోడళ్లకు తీరిక దొరక్కూడదని పైనెవరో కూర్చుని పట్టిక వేసినట్టు ఉంటుంది. తద్దినం నాడు మా మగవాళ్లు పడే కష్టం చూస్తే మీకు కన్నీళ్లు వస్తాయి. తెల్లకోట్లు తొడుక్కోవాలి. ఆ కోట్ల బొత్తాలు ఎటు పెట్టాలో వాదించుకోవాలి. బల్ల మీద పళ్లు తూర్పుకు ఉండాలా పడమరకు ఉండాలా అని తగువు పడాలి. వంగి రెండు మొక్కులు మొక్కాలి. ఆపైన నడుం పట్టేసిందని రెండు రోజులు మూలగాలి. మేం చేసేదేముంది, వంటే కదా!

ఆ వంటకో నియమం ఉంది. చనిపోయినవాళ్లు తినేదాకా ఎవరూ రుచి చూడకూడదు. చూస్తే ఎంగిలి. ఉప్పు సరిపోయిందో లేదో నాలుక చెప్పదు, చేతులకే తెలియాలి. వెల్లుల్లి, ఎర్రకారం తగలకూడదు, ఆ వాసనకు పెద్దలు గుమ్మంలోంచే తిరిగిపోతారట. బతికుండగా కారం లేకుండా ముద్ద దిగనివాళ్లు, పోయాక ఇంత సుకుమారం ఎలా అయ్యారో నాకు ఈనాటికీ తెలియలేదు. అన్నిటికంటే పెద్ద నియమం మైల. పుట్టింట్లో చావు జరిగిన ఆడది ఆ వంట తాకకూడదు. తాకితే తద్దినం మొత్తం చెడిపోయినట్టే.

ఇక్కడే నేనొకటి ఒప్పుకోవాలి. 1991లో, మామగారి తండ్రి తద్దినం. చాంద్రమానం తొమ్మిదో నెల, పన్నెండో రోజు. మధ్యాహ్నం వంటింట్లో అక్కా నేనూ క్యారెట్లు తరుగుతున్నాం. నీళ్లకని నేను బయటికొచ్చేసరికి హాల్లో ఫోను మోగింది. అత్తయ్య ఎత్తింది.

“ఆ... ఆ... ఎప్పుడూ? ఇప్పుడేనా? సరే. నేను చెబుతాలే,” అని పెట్టేసింది. తిరిగి చూస్తే ఎదురుగా నేను. నా మొహం చూసి ఆవిడకు అర్థమైంది, నాకు అర్థమైందని. దగ్గరికొచ్చి మెల్లిగా అంది.

“దాని తల్లి పోయింది. పొయ్యి మీద చేపలున్నాయి, సాయంత్రానికి ముప్పైమంది వస్తారు. నోరు మెదిపావో, చూడు.”

నోరు ఎక్కువని ఇందాకే చెప్పుకున్నానుగా? ఆ రోజు ఆ నోరు ఎక్కడికి పోయిందో. నాలుగు గంటలు అక్క పక్కనే కూర్చుని క్యారెట్లు తరిగాను. ఆవిడ పాలకూర పిండుతూ, “మా అమ్మకి ఈ మధ్య దగ్గు ఎక్కువైందే. ఈ తద్దినం అయ్యాక ఒకసారి వెళ్లొస్తా,” అంది. “వెళ్లక్కా,” అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తద్దినం అయింది. మగవాళ్లు తిన్నారు, తాగారు, వంశాన్ని పొగిడారు. ఆఖరి పళ్లెం కడుగుతుండగా అత్తయ్య గుమ్మంలో నిలబడి, “మీ అమ్మ మధ్యాహ్నం పోయిందట. పొద్దున్న మొదటి బస్సుకి వెళ్లు,” అని చెప్పింది. అక్క ఆ పళ్లెం కడిగింది, తుడిచింది, అలమరలో పెట్టింది. అప్పుడు కింద కూలబడింది. ఆవిడ ఏడుపు హాల్లోకి వినబడకూడదని అత్తయ్య వంటింటి తలుపు మూసింది. అంత జాగ్రత్తగల మనిషి.

జొమ్న్యేకి కొడుకుల్లేరు. కొడుకుల్లేనివాళ్లకు తద్దినం పెట్టే దిక్కు లేదు. నలుగురు కూతుళ్లూ నాలుగు ఇళ్లల్లో నాలుగు వంశాల పెద్దలకు వండి పెడుతున్నారు. పైగా అక్కకు తల్లి పోయిన తిథీ, తాక్ వారి తాతగారి తిథీ ఒకటే అయి కూర్చున్నాయి. ఏటా ఆ రోజున కన్నతల్లికి గిన్నెడు అన్నం పెట్టే దారి లేదు, మొహం ఎరగని తాతగారికి మాత్రం ముప్పై రకాలు వండాలి.

ఆ చలికాలంలో మామగారు పోయారు. మరుసటి ఏడాది అదే తద్దినం. అక్క మాంసం పళ్లెం పక్కన పెట్టి, సంచిలోంచి టోఫు తీసింది. బరువు కింద పిండింది, వేలెడేసి ముక్కలు కోసింది, ఎర్రగా వేయించింది.

“ఇదేంటక్కా?” అన్నాను.

“మా అమ్మకి,” అంది. “ఆవిడకు వేరే చోటు ఎక్కడుందే? ఇంతమంది తింటారు. ఓ మూల కూర్చుని ఆవిడా తింటుంది. ఎవరేమన్నా సరే, ఆవిడ తినేదాకా నేను నిద్రపోను.”

పళ్లెం బల్ల మీదికి వెళ్లింది. అత్తయ్య చూసింది. టోఫు వంక చాలాసేపు చూసింది. ఈలోగా మా చిన్నమామయ్య, అంటే మామగారి తమ్ముడు సంగ్‌హక్ గారు, కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు. ఆయన బళ్లో చిన్న హెడ్మాస్టరు. ఏది కనబడినా తప్పు పట్టకపోతే ఆయనకు అన్నం అరగదు.

“వదినా, జాప్‌చేలో టోఫు ఏమిటి? మా నాన్నగారికి గొడ్డుమాంసం లేకుండానా?”

అత్తయ్య రెప్ప వెయ్యలేదు. “నీకు తెలీదా? మీ ముత్తాతగారు జిల్లా అధికారిగా ఉన్నప్పుడు కరువొచ్చిందట. జనం పస్తులుంటే నాకు మాంసమెందుకని టోఫుతోనే సరిపెట్టుకున్నారట. మీ అన్నయ్య ఎప్పుడూ చెప్పేవారు. ఇన్నేళ్లూ నేనే మరిచిపోయాను.”

అంత పచ్చి అబద్ధం అంత నిబ్బరంగా చెప్పడం చిన్నమామయ్యను కదిలించేసింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అత్తయ్య వంటింట్లోకి వచ్చి అక్క మొహం చూడకుండా మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. క్షమించమని అడగడం తాక్ వారి ఆడవాళ్లకు అలవాటు లేదు. బహుశా అదే ఆవిడకు చేతనైన విధం. నాకైతే కోపం పూర్తిగా పోలేదు.

ఆ ముత్తాత కథ ఆ తర్వాత ఎంత పెరిగిందో చెబితే నమ్మరు. రెండేళ్లకు కరువు కాస్తా మహా కరువైంది. ఐదేళ్లకు రాజుగారే స్వయంగా ఆయనకు మాంసం పంపితే తిప్పి పంపేశారు. పదేళ్లకు వంశ సంఘం పత్రికలో ‘తాక్ వారి టోఫు: నిజాయితీకి నిలువుటద్దం’ అని చిన్నమామయ్య నాలుగు పేజీలు రాశారు. ఏటా ఆ తద్దినానికి కుర్రకారును కూర్చోబెట్టి ఆ పళ్లెం చూపించి, మీరూ అలా బతకండిరా అని హితబోధ చేసేవారు. ఆయన పాఠం అయ్యాక మగవాళ్లందరూ వరసగా నిలబడి వంగి వంగి మొక్కేవారు. నేనూ అక్కా తలుపు పక్కన నిలబడి చూసేవాళ్లం. నాకు నవ్వాగేది కాదు. అక్క మాత్రం నవ్వేది కాదు. బల్ల వంకే చూస్తూ ఉండేది.

ఇరవై నాలుగేళ్లు ఇలా జరిగింది. అత్తయ్య కూడా పోయింది, తద్దినాలు పదమూడయ్యాయి. పెద్దిల్లు అమ్మేసి మూడో అంతస్తులో ఫ్లాటు కొన్నారు. పెద్దలు లిఫ్టు ఎలా నొక్కుతారని ఎవరికీ సందేహం రాలేదు. బాల్కనీలో బట్టలారేసే తీగకు చిక్కుకుంటారని తీగ విప్పేవాళ్లం, ముందు తలుపు కొంచెం తెరిచి ఉంచేవాళ్లం. అర్ధరాత్రి జరగాల్సిన తద్దినాన్ని అందరికీ బస్సు అందాలని సాయంత్రం ఆరింటికి మార్చారు. దానికి ఏ గ్రంథమూ అడ్డు రాలేదు, మగవాళ్లకు ఇబ్బంది కదా మరి.

అప్పుడు వచ్చింది ఆ కాగితం. 2016లో చిన్నమామయ్య పాత పెట్టె సర్దుతుంటే ముత్తాతగారి ఇంటి సరుకుల పట్టీ దొరికింది. కరువులో మాంసం మానేసిన ఆ మహానుభావుడు నెలకు ఎన్ని సార్లు గొడ్డుమాంసం తెప్పించుకున్నారో అందులో శుభ్రంగా రాసి ఉంది. టోఫు ఊసే లేదు. నాలుగు పేజీలు రాసిన మనిషికి అది ఎంత దెబ్బో ఊహించండి. మూడు రోజులు అన్నం మానేశారట. నాలుగో రోజు తేరుకుని అక్కకు ఫోన్ చేశారు. నేనూ అక్కడే ఉన్నాను.

“అమ్మాయ్, ఒక పొరపాటు జరిగింది. తాక్ వారి అసలు సంప్రదాయం గొడ్డుమాంసమట. ఈ తద్దినం నుంచి టోఫు తీసెయ్. సంఘం పుస్తకానికి బల్ల ఫోటో తియ్యాలి, నేనే కెమెరా తెస్తున్నా. మాంసం కూడా నేనే పంపిస్తా.”

అక్క ఫోను పట్టుకుని నిలబడింది. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆ ఇంట్లో ఆవిడ నోట వచ్చిన మాట ఒకటే, “అలాగేనండి”. ఆ మాటే వస్తుందని నేను పళ్లు కొరుక్కుంటూ ఎదురు చూశాను.

“టోఫు తియ్యనండి,” అంది అక్క.

అవతల చిన్నమామయ్య గొంతు పెరిగింది. “ఏమన్నావ్?”

“తియ్యనన్నానండి,” అని ఫోన్ పెట్టేసింది. మా బావగారు గిహ్వాన్ సోఫాలో పేపరు చదువుతున్నారు. ఊరంతా తిరిగి ఇంటింటి నీళ్ల మీటరు చూసి రాసుకునే ఉద్యోగం ఆయనది. పగలంతా అంకెలతో మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చేసరికి మాటలు అయిపోతాయి కాబోలు, ఉలకరు, పలకరు. ఇప్పుడూ పేజీ తిప్పారు, అంతే.

“బావగారూ, విన్నారా?” అని అడిగాను.

“విన్నా,” అన్నారు. ఆయన వైపు నుంచి అది ఉపన్యాసమే.

తద్దినం రోజు పొద్దున్నే మాంసం వచ్చింది. ఎర్ర రిబ్బను కట్టిన పెట్టెలో, పెళ్లికూతుర్ని పంపినట్టు పంపారు. అక్క దాన్ని ఓ మూల పెట్టి పని మొదలుపెట్టింది. జాప్‌చేకు అన్నీ కలిపి ఒకేసారి వేయించకూడదు. తెల్లవి ముందు, రంగువి తర్వాత, నల్ల పుట్టగొడుగులు ఆఖరున, అదీ వరస. అలా అయితే మధ్యలో పెనం కడగక్కర్లేదు, ఒకదాని రంగు ఇంకోదానికి అంటదు. ఉల్లిపాయ, క్యారెట్టు, పుట్టగొడుగు, దేని పళ్లెం దానిది. పాలకూర ఉడికించి పిండి పక్కన పెట్టాలి. సేమ్యా ఉడకబెట్టి, సోయా సాసూ నువ్వుల నూనే పట్టించి, చివరికి వేడివేడిగా చేత్తోనే కలపాలి. చేతులు కాలుతాయి. అక్క చేతులకు ఆ సంగతి ఎప్పుడో తెలియడం మానేసింది.

క్యారెట్లు తరుగుతూ నేనిక ఆగలేకపోయాను. “అక్కా, ఆ రోజు ఫోనొచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.”

అక్క టోఫు తిరగేస్తూనే ఉంది. “నాకూ తెలుసు.”

“ఏం తెలుసు?”

“నీకు తెలుసని తెలుసు. ఆ రోజు నువ్వు క్యారెట్లు బొటనవేలంత లావు తరిగావు. అవేం క్యారెట్లే, పొయ్యిలోకి కట్టెలు. ఏమైంది దీనికి అనుకున్నా. ఆ రాత్రి బస్సు కోసం బట్టలు సర్దుకుంటుంటే అర్థమైంది.”

“మరి ఇన్నేళ్లూ ఒక్క మాట అనలేదేంటక్కా? తిట్టొచ్చుగా!”

“తిడదామనే అనుకున్నా. పదమూడు తద్దినాలాయె, తీరికేదీ?” అంది. నేను ఏడ్చాను. ఉల్లిపాయలు అప్పటికే అయిపోయాయి కాబట్టి వాటి మీద నెట్టడానికి కూడా లేకపోయింది. “ముందు కళ్లు తుడుచుకో. కన్నీళ్లు పడితే ఎంగిలే,” అని కసిరింది.

సాయంత్రం ఐదింటికి చిన్నమామయ్య వచ్చారు. ఎనభై ఏళ్లకు కూడా చొక్కా ఇస్త్రీ నలగదు. మెడలో కెమెరా. బూట్లు విప్పకుండానే వంటింటి వైపు తొంగి చూశారు.

“మాంసం వేశావా అమ్మాయ్?”

“వేశానండి,” అంది అక్క.

ఆయన మొహం వెలిగిపోయింది. “చూశావా? చెబితే వినే పిల్లవే నువ్వు,” అని గదిలోకి వెళ్లి కోటు తొడుక్కున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లకు నోరు విప్పింది కదా అని సంబరపడితే, రిబ్బను చూసి జారిపోయిందా అనుకున్నాను.

పెద్ద గదిలో బల్ల సర్దారు. బావగారు తాతగారి పేరు కాగితం మీద రాసి గోడవైపు నిలబెట్టారు. మా ఆయనా పిల్లలూ వరసగా నిలబడ్డారు. అక్క గొడ్డుమాంసం జాప్‌చే తెచ్చి దాని చోట్లో పెట్టింది. చిన్నమామయ్య కెమెరా ఎత్తారు. అక్క వంటింట్లోకి వెళ్లి ఇంకో పళ్లెం తెచ్చింది. టోఫుది. పైన పొగలు వస్తున్నాయి. బల్ల చివర ఖాళీగా ఉన్న చోట పెట్టింది.

“అది తీసెయ్,” అన్నారు చిన్నమామయ్య కెమెరా దించి. “ఫోటోలో పడుతుంది. రెండు జాప్‌చేలు ఎక్కడైనా ఉంటాయా? ఇది మా నాన్నగారి తద్దినం.”

“మాంసం మీ నాన్నగారికి పెట్టానండి,” అంది అక్క. “ఇది మా అమ్మది. ఈ ఇరవై నాలుగేళ్లూ టోఫు మా అమ్మదే. మీ ముత్తాతగారు ఏ రోజూ టోఫు తినలేదు. మా అమ్మ ఇదే రోజు పోయింది. పోయిందని నాకు చెప్పకుండా మీ అందరి అన్నాలూ అయ్యేదాకా నాచేత వండించారు. ఆవిడకి పెట్టేవాళ్లెవరూ లేరు. అందుకని ఇక్కడే పెట్టుకున్నా.”

చిన్నమామయ్య పెదాలు కదులుతున్నాయి, ఆయన లెక్క వేసుకుంటున్నారని నాకు తెలిసిపోయింది. ఏడాదికి రెండు చొప్పున నలభై ఎనిమిది మొక్కులు, పత్రికలో నాలుగు పేజీలు, కుర్రకారుకు చెప్పిన పాఠాలు.

“టోఫు... టోఫు అమ్ముకునే ఆడదానికి మేం మొక్కామా?” అన్నారు.

“బాగానే మొక్కారు మామయ్యా,” అన్నాను నేను. “ఒక్కోసారి కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నారు. ఫోను సంగతి నిజమే, నేను సాక్ష్యం. నేనూ ఆ రోజు నోరు మూసుకున్నదాన్నే.”

“నువ్వూరుకో! గిహ్వాన్, నీ పెళ్లాం ఏం మాట్లాడుతోందో వింటున్నావా? తాక్ వారి బల్ల మీద మా నాన్నగారి పక్కన పరాయి ఇంటి ఆడదానికి పళ్లెమా?”

“మీ నాన్నగారు ఇరవై నాలుగేళ్లుగా అభ్యంతరం చెప్పలేదండి,” అంది అక్క.

చిన్నమామయ్య వంగి పళ్లెం అందుకున్నారు. అక్క దాని రెండో అంచు పట్టుకుంది. ఎనభై ఏళ్ల ముసలాయన, యాభై ఆరేళ్ల కోడలు, మధ్యలో పొగలు కక్కే జాప్‌చే. ఫోటో తియ్యాల్సింది అప్పుడు.

“బాబాయ్, వదలండి,” అన్నారు బావగారు.

ఆయన నోట మాట వచ్చిందని అందరం అటు తిరిగాం. చిన్నమామయ్య కూడా ఆ ఆశ్చర్యానికే వదిలేశారు. బావగారు కింద కూర్చుని, ఇంకో తెల్ల కాగితం చాపి, కుంచె సిరాలో ముంచారు. ముంచి, ఎత్తి పట్టుకుని, అలాగే ఉండిపోయారు. చెవులు ఎర్రబడ్డాయి. అక్క వైపు చూడకుండా అడిగారు.

“ఇదిగో... మీ అమ్మగారి పేరేమిటి?”

ముప్పై రెండేళ్లు! మనిషికి అత్తగారి పేరు తెలియదు. ఊళ్లో ఏ ఇంట్లో ఎన్ని నీళ్లు వాడారో నిద్రలో లేపినా చెబుతాడు. అక్క చూసిన చూపు నేను మరిచిపోను. అందులో కృతజ్ఞత ఉందని మాత్రం ఎవరూ అనలేరు. ముందుకు నడిచి ఆయన చేతిలోంచి కుంచె లాక్కుంది.

“ఇటివ్వు. నేను రాసుకుంటా.”

మా తద్దినాల కాగితాల మీద ఆడవాళ్ల పేర్లు ఉండవు, పుట్టింటివారి ఇంటిపేరొకటే రాస్తారు. కుంచె పట్టే హక్కు ఎలాగూ మాకు లేదు. అక్క పెద్దపెద్ద అక్షరాలతో రాసింది, బళ్లో పలక మీద రాసినట్టు. జొమ్న్యే. మూడుసార్లు సిరా ముంచుకుంది. అన్నం మెతుకుతో దాన్ని తాతగారి కాగితం పక్కన అంటించింది. కాస్త వంకరగా వచ్చింది. సరిచెయ్యబోయిన మా ఆయన చెయ్యి మీద నేనొకటి వేశాను.

తర్వాత అక్క మొక్కింది. మగవాళ్లకు రెండు, ఆడవాళ్లకు నాలుగు అని గ్రంథాల్లో ఉందట, ఆడవాళ్లు మొక్కడమే లేని ఇంట్లో ఆ నాలుగూ ఎవరికీ గుర్తు లేవు. మోకాళ్ల నొప్పులతో ఒక్కోసారి నేల పట్టుకుని లేస్తూ నాలుగూ మొక్కింది. బావగారు వెనకనించి వచ్చి పక్కన నిలబడి రెండు మొక్కారు. అక్క ఆయన వంక చూడలేదు. చిన్నమామయ్య మొక్కలేదు, గదిలోంచి వెళ్లిపోనూ లేదు. బస్సు ఏడింటికి గదా.

ఆ తర్వాత పెద్దలు తినడానికి అందరం గది బయటికొచ్చి తలుపు మూయాలి. తొమ్మిది ముద్దలు తినే వ్యవధి ఇచ్చి, అక్కడున్న వాళ్లలో పెద్దవారు గుమ్మం ముందు మూడుసార్లు దగ్గితే అప్పుడు లోపలికి వెళ్లాలి. ఇరుకు నడవలో పదిమందిమి ఒకరి భుజం ఒకరికి తగులుతూ నిలబడ్డాం. అక్క తలుపుకు దగ్గరగా, అవతల ఏదో వింటున్నదానిలా నిలబడింది. మా మగవాళ్లు ఆ తొమ్మిది ముద్దల్నీ ఎప్పుడూ నిమిషంలో ముగిస్తారు. చిన్నమామయ్య గడియారం చూసుకున్నారు, గొంతు సవరించుకున్నారు, దగ్గడానికి నోరు తెరిచారు.

“ఆగండి మామయ్యా,” అంది అక్క, తలుపు మీంచి చూపు తిప్పకుండా. “మా అమ్మకి పళ్లు లేవు. మెల్లిగా తింటుంది.”